నా భార్యపై సామి రాలేదని కాగితం ఇప్పించుట

తిరువళ్లూరు జిల్లా దివ్యాంగుల సంక్షేమాధికారి గారి సముఖమునకు, మణవాళనగర్ నివాసి, ఆవడిలో ఫిట్టరు పని చేయు రత్నస్వామి వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: నా భార్య సుగంధికి వచ్చేది సామి కాదు, జబ్బేనని రౌండు సీలు వేసిన కాగితం ఆడి కృత్తిక పండుగకు ముందే ఇప్పించుట గురించి.

1. నా భార్య, వయస్సు ముప్పై ఆరు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరాల జబ్బు గలది. ఎండ తగిలినా, అలసినా కాళ్ళు వణికి వశం తప్పును. ఈ పేరు మాకు తెలిసి రెండేండ్లు. అంతకు ముందు రెండేండ్లు మేము దీనిని సామి అనుకొంటిమి.

2. నాలుగేండ్ల కిందట ఆడి కృత్తికకు ఆమె కావడి ఎత్తి తిరుత్తణి మురుగన్ కొండ మెట్లెక్కుచుండగా సగంలో కాళ్ళు వణికినవి. సామి దిగినాడని మా అమ్మ తాయమ్మ కేకవేసెను. పంబ మోత పెంచిరి. పాదాలకు పసుపునీళ్ళు పోసిరి. ముక్కూమొహం తెలియనివారు కాళ్ళ మీద పడి పెళ్ళిళ్ళ గురించి, పిల్లల గురించి అడిగిరి. నేనూ అడిగితిని, ప్రమోషన్ గురించి. ఇప్పుడు ఎక్కడ పంబ మోగినా నేను దారి మార్చి పోవుదును.

3. ఈ ఏడు ఆక్యుపేషనల్ థెరపిస్టు షర్మిల గారు మా ఇంటికి ఆరు వారాలు వచ్చినారు. మందూ మాకూ ఇయ్యలేదు. పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు వేయించినారు. అలసినాక కాదు, అలసిపోకముందే పడుకోమన్నారు. మెడకు తడిగుడ్డ చుట్టమన్నారు. వణుకు ఏ రోజు ఏ గంటకు వచ్చెనో, దానికి ముందు ఏ పని చేసెనో నోటుబుక్కులో వ్రాయించినారు.

4. సదరు నోటుబుక్కు ప్రకారం సామి మంగళవారమే వచ్చుచున్నాడు. అది మురుగన్ దినమని మా అమ్మ సంబరపడెను. ఆ రోజు పూజకని ఇల్లంతా కడిగేది ఎవరని షర్మిల గారు అడిగినారు. కడిగేది సుగంధే. ఆ తరువాతి మూడు మంగళవారాలూ నేను కడిగితిని. మూడింటా సామి రాలేదు. అయ్యా, ఇంతకన్నా రుజువు ఏమి కావలె?

5. మా అమ్మకు అదే నేరమైనది. మగవాడు చీపురు పట్టినందుకు సామి అలిగి పోయినాడట. తప్పు కాయమని వచ్చే కృత్తికకు సుగంధి మళ్ళీ కావడి ఎత్తవలెనట. ఆసుపత్రి చీటీలో జబ్బు పేరు ఉన్నది గానీ సామి కాదని యాడా లేదు గదా అని వాదించును. నోటుబుక్కు చూపితిని. "దీంట్లో సామి కైయెళుత్తు పెట్టినాడారా?" అనెను. సామి సంతకం నేను తేలేను, తమ సీలైనా చాలును. సుగంధి అత్త మాటకు ఎదురు చెప్పదు. కావడి కర్ర అప్పుడే తుడిచి మూలన పెట్టినది.

కావున షర్మిల గారిని ఇంకొక్కసారి మా ఇంటికి పంపి, మా అమ్మ ఎదుట చెప్పించి, పై కాగితం ఇప్పింప ప్రార్థన. ఆ మెట్ల మీద ఆమెను ఇంకోసారి చూసే గుండె నాకు లేదు. నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రత్నస్వామి

మరొక మాట: దీని తమిళ ప్రతి పక్కింటి పార్థిబన్ రాసిచ్చినాడు. ఈ మాట అతనికి చెప్పలేక తెలుగులోనే పెడుతున్నాను. ఆ రోజు నేను ప్రమోషన్ అడిగినప్పుడు ఆమె నా మొహం చూసి, "బావా, నేనే. కూచోబెట్టు" అనింది. సామి ఎవరినీ బావా అని పిలవడు. నాకు అప్పుడే తెలిసింది అయ్యా. చుట్టూ జనం చూస్తున్నారని కర్పూర హారతి ఆమె మొహానికి ఇంకా దగ్గరికి పట్టినాను.