తెరమీద నీ నోట్సు

అక్కా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఇవాళే వేలూరులో ప్రోగ్రామర్ల సదస్సు జరిగింది, ఒకేసారి వేల పనులు నడిపే ప్రోగ్రామింగ్ భాషల మీద. "ఈ పిచ్చి భాష ఎవురికి కావల?" అని నిన్ను ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజరే ముఖ్య వక్త. సిగ్గులేకుండా నువ్వు రాసిన నోట్సే తెరమీద చూపించాడు. నీ పేరు తీసేశాడు.

ఒకమ్మాయి అడిగింది. "సార్, మధ్యలో ఒక పని చచ్చిపోతే?"

"అన్నీ ఆగిపోతాయిమ్మా."

మొదటి పాఠమే తెలియని మొద్దు. నేను లేచాను.

"ఆగవు సార్. దాన్ని కనిపెట్టుకోనుండే ఇంకో పని దాన్ని మళ్లీ మొదలుపెడతాది."

"ఎవురు చెప్పినారు నీకు?"

నీ పేరు గట్టిగా చెప్పాను. వాడు తలవంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

బయట ఆ అమ్మాయి నీ పేరు రాసుకుంది. "ఆమె యాడుంటారన్నా?" అంది.

నువ్వు లేవని చెప్పబుద్ధి కాలేదు. "మా ఊళ్లోనే, గుడియాత్తంలో" అన్నాను.