ఆరని చొక్కా, అమ్ముడుపోయిన ఇల్లు

ఇళ్ళ ఏజెంటుగారికి,

మా ఇంటి గురించి మీరు వేసిన ప్రకటన చదివాను. "సముద్రానికి కూతవేటు దూరం, ఏడాది పొడవునా చల్లగాలి, పొడి గదులు" అన్నారు. మూడింటిలో మొదటిది ఒక్కటే నిజం. ఆ కూత కూడా సముద్రానిదే.

ముప్ఫయ్యొక్కేళ్ళుగా నేను రోజూ ఉదయం ఎనిమిదింటికి ఒకే కొలత తువ్వాలు తడిపి తీగ మీద వేస్తున్నాను. ఎప్పుడు ఆరిందో పుస్తకంలో రాస్తున్నాను. నిరుడు సాయంత్రానికి ఆరని రోజులు రెండువందల పన్నెండు. "పొడి" అన్న మాట ఏ గదిని చూసి రాశారో తెలియజేయండి.

మా అమ్మాయికీ నాకూ ఒక ఒప్పందం ఉంది. ఈ వానాకాలం ముగిసేలోగా ఇల్లు అమ్ముడైతే ఇక మీదట నేను వాళ్ళింట్లో ఉండాలి. వాళ్ళుండేది మెట్టప్రాంతం, అక్కడ తువ్వాలు గంటలో ఆరుతుంది. అమ్ముడుకాకపోతే ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఈ ఏర్పాటు మా అల్లుడుగారిది. ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరిచి కూడా జవాబు చెప్పలేని వృత్తి. అందుకని వినే అలవాటు తప్పిపోయింది. అమ్మకానికి అడ్డుపడనని మాటిచ్చాను. అబద్ధమాడతానని మాత్రం ఇవ్వలేదు.

తప్పులు దిద్ది ప్రకటన మళ్ళీ వేయించండి. దిద్దుబాట్లు నాలుగు పేజీలు, జతచేశాను. ఫోనులో చెబుదామంటే దాన్ని ఉప్పుగాలి తినేసింది.

ఇట్లు,
విశ్రాంత లెక్కల టీచరు
రెండో వీధి, చివరి ఇల్లు

తా.క.: మొన్న మీరు ఇల్లు చూడవచ్చి, వానలో తడిసి, మీ చొక్కా తీగ మీద వేసి మా దుప్పటి కప్పుకుని వెళ్ళారు. ఈరోజుకు మూడోరోజు. ఆరగానే పంపుతాను.

•

పూజ్యులైన మామ్మగారికి నమస్కారాలు.

మీ నాలుగు పేజీలూ చూసి ముందు తలపట్టుకున్నానండీ. అయినా టీచరుగారి మాట కాదనలేక ఓ ముక్క వేశాను: "బట్టలు ఆరవు. తాళాలు నలభై రోజుల్లో తుప్పు. తొమ్మిది రోజులు మూసి ఉంచితే గోడలకు బూజు. చుట్టాలు ఉక్క పట్టలేక రెండో రోజే వెళ్ళిపోతారు." వీధి పేరు, మీ వివరాలు వేయలేదు. వేస్తే వేరే ఏజెంట్లు తన్నుకుపోతారు.

ఇక చూడండి, ఒక్క రోజులో పదిహేడు మంది ఊడిపడ్డారు. చుట్టాలు రెండో రోజే వెళ్ళిపోతారన్నది ఖాయమేనా అని ఆరుగురు విడివిడిగా అడిగారు. మిగతావాళ్ళ లెక్క వేరు. ఇంటావిడే ఇంటిని తిడుతోందంటే దాని వెనక ఏదో ఉందని వాళ్ళ అనుమానం. పక్కనే ఓడరేవు వస్తోందట. ఎవరు చెప్పారని అడిగితే ఒకరినొకరు చూపించుకున్నారు.

మీ తెలివికి జోహార్లు. ధర సగానికి సగం పెంచేశాను.

ఇట్లు మీ విధేయుడు,
ఇళ్ళ ఏజెంటు

తా.క.: చొక్కాకి తొందరేం లేదండి. కాకపోతే నాకున్నవి రెండే.

•

ఇళ్ళ ఏజెంటుగారికి,

నేను మీకు మామ్మను కాను. టీచరుగారు అంటే చాలు.

నేను ఏ తెలివీ చూపలేదు, ఉన్నమాట రాశాను. ఓడరేవు సంగతి: ఇక్కడ ఒడ్డు నుంచి రెండువందల అడుగుల దాకా నీళ్ళు మోకాలి లోతు. బాతులు తప్ప ఏదీ లంగరు వేయదు. ఇది వచ్చినవాళ్ళందరికీ చెప్పండి.

ఇంకొకటి మరిచాను. వానాకాలంలో తలుపులు ఉబ్బుతాయి. నిరుడు స్నానాలగది తలుపు బిగుసుకుని నేను రెండుగంటల పది నిమిషాలు లోపలే ఉన్నాను. ఇదీ ప్రకటనలో వేయండి. ధర తగ్గించండి. ఇది హాస్యం కాదు.

ఇట్లు,
విశ్రాంత లెక్కల టీచరు

తా.క.: చొక్కా తొమ్మిదో రోజు. ఎడమ చెయ్యి ఆరింది. మధ్యాహ్నం జల్లు పడి మళ్ళీ తడిసింది.

•

టీచరుగారికి నమస్కారాలు.

మీరు చెప్పమన్నవన్నీ అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ధర తగ్గించమన్నారనగానే గదంతా గుసగుసలు. ఆవిడ తక్కువలో తనవాళ్ళకి కట్టబెట్టేస్తోంది, ఓడరేవు ఖాయం అని తేల్చేశారు. బాతుల మాట చెబితే, పర్యాటకం కూడా ఉందన్నమాట అన్నారు. నేనేం చేసేదండీ. ధర రెట్టింపయింది.

స్నానాలగదికైతే గిరాకీ ఇంతా అంతా కాదు. ఐదుగురు పిల్లలున్న ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండుగంటలూ ఎవరూ లోపలికి రాలేకపోయారా అని రెండుసార్లు అడిగి, ఆ గది ఒక్కటీ విడిగా అమ్ముతారా అన్నాడు.

ప్రకటన చదివి అది మీ ఇల్లేనని పోల్చుకున్నారో ఏమో, మీ వీధి గాలే మారిపోయింది. మీ ఎదురింటి టైలరుగారు "మా కప్పు కారును" అని బోర్డు పెట్టారు. పక్కింటివాళ్ళు "మాది అంతకంటే కారును" అని పెట్టారు. మూలమీది ఇంటాయన మొన్నే గోడలకు పూత వేయించుకున్నాడు పాపం, ఇప్పుడు కూలివాళ్ళను పెట్టి గీకించేస్తున్నాడు.

ఇట్లు మీ విధేయుడు,
ఇళ్ళ ఏజెంటు

తా.క.: రెండో చొక్కా నిన్న తడిసింది. ప్రస్తుతం మీ దుప్పటిలోనే ఆఫీసు నడుపుతున్నాను. వచ్చినవాళ్ళు గౌరవంగానే చూస్తున్నారు.

•

ఇళ్ళ ఏజెంటుగారికి,

నిన్న తువ్వాలు వేయడం పది నిమిషాలు ఆలస్యమైంది. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఇదే మొదటిసారి. కిటికీ దగ్గర నిలబడి సముద్రాన్ని చూస్తూ మరిచిపోయాను. పుస్తకంలో కారణం రాయాల్సిన చోట ఏం రాయాలో తోచక ఖాళీ వదిలాను.

నాకు వెళ్ళాలని లేదు. మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ లెక్కలో ఒక అంకె దాస్తే మొత్తం తప్పుతుంది కనుక రాస్తున్నాను. ఇచ్చిన మాట తప్పను. వానాకాలం ఇంకా పదకొండు రోజులుంది. అమ్మక తప్పకపోతే, నా తర్వాత ఆ తీగ మీద తువ్వాలు వేసేవాళ్ళకు అమ్మండి.

ఇట్లు,
లెక్కల టీచరు

తా.క.: చొక్కా ఇరవయ్యో రోజు. కాలరు మీద చిన్న మొలక వచ్చింది. పీకేదా, ఉంచేదా తెలపండి.

•

టీచరుగారికి,

మీ ఉత్తరం చదివి ఆ పూట ఆఫీసు మూసేశానండీ. నేను అడగలేదని మీరన్నది నిజం. నేనసలు ఎవర్నీ అడగను. అడిగితే ఇళ్ళు అమ్ముడవ్వవు.

అయినా మీ షరతు పెట్టాను. పదహారుమంది జారుకున్నారు. ఒకాయన మిగిలాడు. ఇల్లు చూడలేదు, వీధి ఏదనీ అడగలేదు, కాగితాల్లో పేర్లూ చదవలేదు, ఓడరేవు మీద నమ్మకంతో బయానా పంపేశాడు. ఉక్కకు ఆగలేడట, అందుకని తను వచ్చి ఉండడు. ఇల్లు మూసిపెడితే తొమ్మిదో రోజుకి బూజు పడుతుందని మీరే రాశారు కదా, ఇంత నిక్కచ్చి మనిషి మళ్ళీ దొరకదు, ఆవిడే ఉన్నన్నాళ్ళూ అద్దె లేకుండా ఉండి తువ్వాలు ఆరేసుకోవాలి అని ఆయనే రాయించాడు. కాగితాలు జతచేశాను. ఇల్లు అమ్ముడైంది కాబట్టి మీరు కూతురి దగ్గరికి వెళ్ళాల్సిందే కదా, ఆ ముడి ఎలా విప్పాలో నాకు తెలియడం లేదు. సంతకం చివరి పేజీలో ఉంది.

ఇట్లు మీ విధేయుడు,
ఇళ్ళ ఏజెంటు

తా.క.: మొలక ఉంచండి. పచ్చదనం ఉంటే ధర పలుకుతుంది.

•

ఏజెంటుగారికి,

చివరి పేజీ చూశాను. ఆ సంతకం నాకు కొత్త కాదు. నా పళ్ళ మందుల చీటీల మీద ఉండేది అదే.

దాచడం పద్ధతి కాదని ఆ పూటే అమ్మాయికి రాశాను. నిన్న అల్లుడూ అమ్మాయీ వచ్చారు. అమ్మాయి గుమ్మం మెట్టు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని పావుగంట నవ్వింది. అల్లుడుగారు ఇల్లంతా తిరిగారు. గోడను తడిమి, తడిసిన అరచేతిని చూసుకుని నా వైపు తిరిగి అడిగారు.

"అత్తయ్యా, ఇంత తేమ ఉందని మాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

ఆ తువ్వాలు లెక్కల పుస్తకాలు ఇరవై రెండేళ్ళుగా ఆయన భోజనం చేస్తుండగా చదివి వినిపించాను. ఒక్కరోజూ వినలేదన్నదానికి ఇప్పుడు సంతకంతో సహా రుజువు దొరికింది.

బయానా వెనక్కి తీసుకుంటానన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఇల్లు అమ్ముడైతే అమ్మ మనింట్లో ఉండాలి, అంతేగా? ఇది ఇప్పుడు మనిల్లే. అమ్మ అందులోనే ఉంది" అంది. లెక్కల టీచరు కూతురు. అల్లుడుగారు నోరు తెరిచారు గానీ జవాబు రాలేదు.

ధర మాత్రం మొట్టమొదటిదే రాయించాను. ఓడరేవు ఖరీదు కొట్టేశాను. మీ కమీషనూ ఆ ప్రకారమే. పుస్తకంలో ఖాళీ వదిలిన చోట "కారణం: సముద్రం" అని నింపాను.

ఇట్లు,
ఈ ఒక్కసారికి, మీ మామ్మ

తా.క.: మీ చొక్కా నిన్న, ఇరవై తొమ్మిదో రోజున, మధ్యాహ్నం మూడింటికి పూర్తిగా ఆరింది. కానీ అల్లుడుగారు అప్పటికే చెమటకు నిలువునా తడిసిపోయి, దాన్ని మొలకతో సహా వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన చొక్కా తీగ మీద ఉంది. ఈరోజుకు రెండో రోజు. ఆరగానే మీకు పంపుతాను.