రెండు వందల ఆరు గీతలు

మా చిన్న టీచరమ్మకు,

పెద్ద టీచరమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ నాన్న మోకాలు మెట్లు చూస్తే మొరాయిస్తుంది, టీవీ ముందు మాత్రం దానికి ఏ నొప్పీ లేదు. నువ్వూ కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను. గది కిటికీ బిగుసుకుపోయిందని రాశావు. ఇంటివాళ్ళను బతిమాలుతూ కూర్చోకు. కొవ్వొత్తి ముక్క తీసుకుని అంచుల వెంట గట్టిగా రుద్దు, దారికొస్తుంది.

నట్ల ప్రయోగం ఎలా చేసేదానివని అడిగావు. పొడవాటి దారానికి అయిదు పెద్ద నట్లు కట్టు. మొదటిది కింది కొసన. కొస నుంచి కొలిచి రెండోది పది సెంటీమీటర్ల దగ్గర, మూడోది నలభై దగ్గర, నాలుగోది తొంభై, చివరిది నూట అరవై. నేల మీద రేకు పళ్ళెం బోర్లించి, బెంచీ ఎక్కి, కొస నట్టు పళ్ళేనికి తగిలేలా పట్టుకుని దారం వదిలెయ్యి. నట్ల మధ్య దూరాలు పెరుగుతూ పోయినా టక్కు టక్కుమనే చప్పుళ్ళు మాత్రం సమానమైన ఎడంతో వినిపిస్తాయి. పడే వస్తువు వేగం ఒకే తీరున పెరుగుతూ పోతుందని నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు. వెనక బెంచీలో కునికే వాళ్ళకు కూడా పళ్ళెమే చెబుతుంది. బెంచీ ఎక్కేటప్పుడు చీర కుచ్చిళ్ళు జాగ్రత్త. నేనొకసారి పాఠంతో పాటు నేనూ పడ్డాను.

ఇక నీ అసలు ప్రశ్న. గురువారం మీ స్కూలు పెద్దాయన వచ్చి నీ క్లాసులో కూర్చుంటాడనీ, నీ ఉద్యోగం ఖాయం చేసేదీ ఇంటికి పంపేదీ ఆ ఒక్క పాఠాన్ని బట్టేననీ రాశావు. ఎన్నిసార్లు వదిలినా నీ స్టీలు గుండు పడే త్వరణం, తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాల్సింది, తొమ్మిదిన్నర దాటడం లేదన్నావు. పక్క క్లాసు టీచరేమో అంకెలు ముందే రాసిపెట్టుకోమని చెవిలో ఊదిందన్నావు. "నీకు మాత్రం ప్రతిసారీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చేది కదమ్మా, ఆ కిటుకేమిటో నాకూ చెప్పు" అన్నావు. చెబుతాను. కానీ దానికంటే ముందు పోయిన నెల జరిగింది చెప్పాలి. మధ్యలో చదవడం ఆపకు.

పరుగుల పిల్ల నీకు గుర్తుండే ఉంటుంది. నీకు అయిదేళ్ళ జూనియరు, స్కూలు గేటు దగ్గర నడవడం కూడా రానట్టు ఎప్పుడూ పరుగే. ఫైర్ సర్వీసులో చేరాలని రెండేళ్ళుగా తెల్లవారకముందే లేచి సాధన చేసింది. పరుగులో అందరికంటే ముందు వచ్చిందట. నిచ్చెన ఎక్కడంలోనూ అంతే. చివర్లో ఎత్తు కొలిచారు. నూట యాభై ఏడు సెంటీమీటర్లు ఉండాలి, నువ్వు నూట యాభై నాలుగున్నరే అని పంపేశారు.

ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పోలేదు. తిన్నగా నా ల్యాబుకు వచ్చింది. రావడం రావడమే గోడ దగ్గర నిలబడింది. నీకు తెలిసిందే, గుండును పట్టి ఉంచే మాగ్నెట్ బిగించిన చోటి నుంచి నేల దాకా తెల్ల పట్టీ, దాని మీద సెంటీమీటర్ల గీతలు. గుండు ఎంత దూరం పడిందో చూసుకోవడానికి గీసినవి. మన స్కూలు పిల్లలంతా ఎత్తు చూసుకునేదీ అక్కడే.

"చూడండి టీచర్, నూట యాభై తొమ్మిది. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఇంతే. వాళ్ళ కొలబద్దే తప్పు. మీ ల్యాబులో కొలిచామని ఒక కాగితం రాసివ్వండి, చాలు. మీరు రాస్తే నమ్ముతారు" అంది.

తప్పు వాళ్ళ కొలబద్దది కాదు, నాది. ఆ గీతలు గీసింది నేనే. కావాలనే తప్పు గీశాను.

పందొమ్మిదేళ్ళ కిందటి మాట. కొత్త టైమరు వచ్చింది. పైన మాగ్నెట్‌కు గుండు అంటుకుని ఉంటుంది, స్విచ్చి ఆపగానే గుండు పడుతుంది, టైమరు మొదలవుతుంది. కింద పలకకు తగలగానే ఆగుతుంది. దూరం, సమయం తెలిస్తే త్వరణం వచ్చేస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి ఎదుట నేను మహా ధీమాగా చేసి చూపించాను. తొమ్మిదిన్నర వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. "ఏం మేడం, మీ స్కూలు కింద భూమి కాస్త నీరసంగా ఉన్నట్టుందే" అన్నాడాయన. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సెలవుల్లో ఒక్కదాన్నే కూర్చుని పట్టీకి కొత్తగా రంగు వేశాను. రెండు మీటర్ల చోటులో రెండు వందల ఆరు గీతలు ఇరికించాను. దూరం కాస్త పెంచి చూపిస్తే లెక్క సరిపోతుంది కదా! ఆ రోజు నుంచి నా గుండు ఎప్పుడూ తప్పు పడలేదు. అందరూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు, నేనూ ఎంచక్కా కూర్చున్నాను.

కాగితం రాసివ్వాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. రాస్తే నా పరువు నిలుస్తుంది, పిల్ల ఆశా నిలుస్తుంది, మరో వారం పాటు. సొరుగులోంచి స్టీలు టేపు తీసి దాన్ని గోడకు ఆనించి కొలిచాను. నూట యాభై నాలుగున్నర. ఉన్నదంతా చెప్పేశాను. అది గోడ మీది గీతల్ని వేలితో తడిమింది. అరవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే టీచర్, ఆ తొమ్మిది పాయింట్ ఎనిమిది కూడా మీరు గీసిందేనా?"

కాదే, అది నిజం, నేనే అబద్ధం అన్నాను. "మరి ఎలా నమ్మాలి?" అంది. "ఆదివారం రా, టేపు నువ్వే పట్టుకో, నేను దేన్నీ ముట్టుకోను" అన్నాను.

వస్తుందనుకోలేదు, వచ్చింది. కొలిచింది అదే, స్విచ్చి ఆపింది అదే. ముందు తొమ్మిదిన్నరే వచ్చింది. స్విచ్చి ఆపినా మాగ్నెట్‌లో కాస్త బలం మిగిలి, గుండును సెకనులో నూరో వంతు పట్టి ఉంచుతుంది. టైమరు అప్పటికే మొదలవుతుంది కాబట్టి సమయం ఎక్కువ చూపిస్తుంది. మాగ్నెట్‌కూ గుండుకూ మధ్య సన్న కాగితం ముక్క పెట్టి, గుండు జారిపోనంత వరకే కరెంటు తగ్గించమన్నాను. నలభై సార్లు వదిలింది. సగటు తొమ్మిది పాయింట్ ఏడు ఏడు. లెక్క రెండుసార్లు చూసుకుని, "ఇది నాది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నన్ను క్షమించానని అనలేదు. అనమని అడిగే మొహం నాకూ లేదు. నా గీతల్ని నమ్మి పెట్టిన ఆ రెండేళ్ళ పరుగు నేను తిరిగి ఇవ్వలేను తల్లీ, ఆ బాధ నాకు పోదు.

సోమవారం క్లాసులోనూ చెప్పేశాను. గోడకు సున్నం కొట్టించేద్దాం, మూడో కంటికి తెలియదంది మా స్కూలు పెద్ద మేడం. ససేమిరా అన్నాను. పాత పట్టీ అలాగే ఉంది, పక్కనే అసలు టేపు అంటించి తేదీ వేసి సంతకం పెట్టాను. క్లాసంతా ఒక్కసారిగా అయిదేసి సెంటీమీటర్లు పొట్టయిపోయి లబోదిబోమంది. నువ్వూ ఫారాల్లో నూట అరవై అయిదు రాస్తున్నట్టున్నావు. మార్చుకో, నూట అరవయ్యే.

ఇంతవరకూ తేలికగానే రాశాను. ఇప్పుడు రాయబోయేదానికి మాత్రం రెండు రోజులు కలం ఆడలేదు. నీ పద్నాలుగో ఏట, ఆ గోడ దగ్గరే నీ లెక్క సరిగ్గా తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. "అమ్మా, వచ్చేసింది!" అని క్లాసులో అందరి ముందూ ఎగిరి గంతేశావు. నేనూ ఫిజిక్సు టీచర్నే అవుతానని ఆ సాయంత్రమే మీ నాన్నతో అన్నావు. మాగ్నెట్ సంగతి అప్పటికే నాకు తెలుసు. అసలు గీతలుంచి, కాగితం ముక్క ఒక్కటి పెట్టి ఉంటే నీకు నిజంగానే వచ్చి ఉండేది. పెడితే నా గీతల మీద లెక్క పది దాటి, గోడ అబద్ధం బయటపడుతుందని పెట్టలేదు. నీ జీవితంలో అంత పెద్ద రోజును నా పరువు కోసం దొంగది చేశాను. తప్పయింది తల్లీ.

కాబట్టి నా దగ్గర కిటుకు లేదు. నీ తొమ్మిదిన్నర తప్పు కాదు, మన ఇంట్లో మొదటిసారి నిజాయితీగా వచ్చిన అంకె అది. గురువారం దాన్నే బోర్డు మీద పెద్దగా రాయి. "ఎందుకు తగ్గింది?" అని పిల్లల్నే అడుగు. వాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నాకనే కాగితం ముక్క బయటికి తియ్యి. పెద్దాయన నవ్వితే నవ్వనీ, నువ్వు గోడ జోలికి పోకు. నీ ఉద్యోగం నిలుస్తుందనే నా నమ్మకం. నిలవకపోయినా, "ఇది కూడా మీరు గీసిందేనా?" అని నిన్ను ఏ పిల్లా వచ్చి అడగదు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నూట యాభై ఆరని చెప్పుకుని, టేపు పెడితే నూట యాభై ఒకటిన్నరకు దిగిన
మీ అమ్మ