ఊకొట్టేవాళ్లకే నా సినిమా

కొండల్లో తేనె తీసే ఆదివాసీ కుటుంబంలో పుట్టి, మా ఇంట్లో మొట్టమొదట బడి ముఖం చూసి, సినిమాలు తీస్తున్న నేను ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. రేపు నా గుండెకు ఆపరేషన్. మతి స్థిమితంగానే ఉంది. కోపంగా కూడా ఉంది. దాన్ని ఎవరూ మతి తప్పడం కింద జమకట్టరాదు.

1. మా అమ్మమ్మ కథ చెబుతుండగా నేను తీసిన వీడియో, ధ్వని, ఏ కోతా లేని మొత్తం హార్డ్ డిస్కు సర్వహక్కులతో నా చెల్లెలికి చెందాలి. నేను పోతే అడిగే దిక్కుండదని సినిమా కంపెనీ కాచుక్కూర్చుంది.

2. ఆ కంపెనీ నిర్మాతకు పూచికపుల్ల కూడా చెందదు. మాలో కథ ఒక్కరే చెప్పేది కాదు. వినేవాళ్లు ఊకొట్టకపోతే అమ్మమ్మ ఆగిపోతుంది. "నిద్రపోయార్రా?" అంటుంది. ఊఁ అంటేనే కథ కదులుతుంది. అందుకే కెమెరా వెనక నుంచి నేనూ ఊకొట్టాను. నిర్మాత ఆ ఊఁలన్నీ కోయించేశాడు. "చెత్త శబ్దాలమ్మా, జనం భరించలేరు" అన్నాడు. పైగా ఆమె గొంతు మీద ఎవరిదో నున్నటి గొంతు అతికించాడు. సినిమాకు బహుమతి వచ్చిన రోజు వేదికెక్కి నన్ను "అడవి బిడ్డ" అన్నాడు. నేను దర్శకురాలిని. ఆ మాట మాత్రం ఆయన నోటికి రాలేదు.

సినిమా చూసి అమ్మమ్మ అడిగింది: "ఒక్కరూ ఊఁ అనలేదేమే? మరి నేనెవరికి చెప్పినట్టే?" ఆ రోజు నుంచి ఆమె కథ చెప్పడం మానేసింది. ఇది నేను క్షమించను.

3. చెల్లీ, ఊఁలన్నీ తిరిగి పెట్టించు. మొదట మనవాళ్లకే చూపించు. ఒక్క ఊఁ తీసినా నీ హక్కు రద్దు. నా నీలం స్వెట్టరు కూడా నీదే, ఎలాగూ అడక్కుండానే వేసుకుంటున్నావు.

4. నా హెడ్‌ఫోన్లు మా సౌండ్ రికార్డిస్టు బాబాయికి. "ఊఁ తీసేస్తే ఇంక కథెక్కడిది సార్?" అని నిర్మాతతో గొడవపడి పని పోగొట్టుకున్నాడు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే.

5. ఆ సినిమాకు బహుమతిగా ఇచ్చిన ఇత్తడి బొమ్మ అమ్మకు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు.

జూలై తొమ్మిది, సాయంత్రం, ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు.
(సంతకం) దర్శకురాలు

సాక్షులు:
వార్డు నర్సు (సంతకం)
అమ్మమ్మ (వేలిముద్ర). మొత్తం చదివి వినిపించాను. ప్రతి షరతుకూ ఊఁ అంది. "నేను పోతే" అన్నచోట మాత్రం అనలేదు. ఆగి, ఆమె వంక చూశాను. "అది నువ్వు లేచొచ్చాక చదువు" అంది.