గోడవతల మందారం

అత్తయ్యగారూ,

కాపురానికి ఏలూరు వచ్చేటప్పుడు కైకలూరు పుట్టింటి నుంచి మీరు కొమ్మగా తెచ్చుకున్న ముద్దమందారం ఇప్పుడు లేదండీ. వీధి కాలవ వెడల్పు చేస్తూ పోయిన నెలలో కొట్టేశారు.

దానికి గింజ కట్టదని, కొమ్మ నాటితేనే వస్తుందని మీరు చెప్పేవారు. అందుకని పెన్సిల్ లావు కొమ్మలు ఏరి, కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టాను. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప. వేరు పడిందో లేదోనని రోజూ పీకి చూశాను. పూజలో కూర్చున్నా మనసు ఆ కుండీ మీదే. చివరికి ఒక్క కొమ్మ మిగిలింది.

పక్కింటి మస్తాన్‌బీ చూసి, "వదినగారూ, మీ దగ్గరుంటే ఇదీ బతకదండీ. ఇలా ఇవ్వండి" అని కుండీ పట్టుకుపోయింది.

ఈ రోజు మీ సంవత్సరీకం. పొద్దున్నే పీట ఎక్కి గోడవతలికి చూస్తే చిన్న చిగురు కనబడింది. కొమ్మలో మిగిలిన సత్తువతో కూడా చిగురు వేస్తుందని, దాన్ని చూసి మురిసిపోవద్దని అనేవారు మీరు. వేరు సంగతి తేల్చుకుందామని చెయ్యి చాపాను.

"చేతులు కట్టుకుని చూడండి వదినగారూ," అంది మస్తాన్‌బీ వాకిలి ఊడుస్తూ. "పెద్దమ్మగారైతే ఈపాటికి ఆ చేతిమీద ఒకటి వేసేవారు."

పీట దిగి వచ్చేశాను. మీ ఫోటోకి నందివర్ధనాలు పెట్టాను. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపైనా నా చేతులు ఆ కొమ్మ జోలికి వెళ్ళవు.