బస్తాలోని తడి

శుక్రవారం, రాత్రి

బస్తా కుట్టు విప్పకుండా లోపలి మిరపకాయను చూడగలవా, బోధకుడా? నన్ను నేనే అడుగుతున్నాను. ఇవాళ చూశాను, స్తోత్రం!

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేనకోడలు సుకన్య నేను అమ్మకానికి కట్టిన బస్తా ఒకటి ల్యాబులో పెట్టించింది. వెలుగు దూరని గోనెలోంచి రేడియో తరంగాలు దూసుకుపోయాయి. అవతల వాటిని పట్టి కంప్యూటర్‌లో హోలోగ్రామ్ చేసింది. బస్తా లోపలంతా తెరమీద గుండ్రంగా తిరిగింది!

"మామయ్యా, నడిమధ్య ఈ నల్లముద్ద తడి. తరంగాలు అక్కడే ఆగిపోయాయి. నీళ్లు మరీ ఎక్కువ చల్లావేం?"

"కాయ విరక్కుండా చల్లానే, తల్లీ!"

"విరక్కుండానా, తూకానికా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. దేవుడు లోపలే చూస్తాడని మొన్న ఆదివారం ప్రసంగంలో గొంతు చించుకున్నది నేనే. రేపు పొద్దున్నే బస్తాలన్నీ అమ్మకానికి మిర్చి యార్డుకెళ్తాయి. కొన్నవాళ్లు బూజుపట్టిన కారం తింటారు.

బైబిలు మూసి లే, బోధకుడా! ఇవాళే, ఈ గంటలోనే కుట్లు విప్పి కాయంతా వసారాలో ఆరబొయ్యి!