నమూనా గదిలో పది రోజులు

ఏప్రిల్ 7, సోమవారం. ఉదయం 7:00
మొదటి రోజు!
నంద్యాలలో నా ఆఫీసు, మా ఆవిడ కరుణ, ఏసీ... అన్నీ వదిలి ఆళ్లగడ్డ వచ్చేశాను. కారణం జీవమ్మ.

ఇక్కడి చర్చిలో వయసు మళ్ళిన ఎనిమిది మంది ఒకేచోట కలిసి ఉందామనుకున్నారు. రూతమ్మగారు తన స్థలం ఇస్తానన్నారు. ఇళ్ళ డిజైను నాది. మట్టి ఇటుకలు, సున్నం పూసిన పైకప్పు, వాననీటి తొట్టి, అందరికీ ఒకటే వంటగది. ముందుగా వంటగదితో పాటు ఒక నమూనా గది కట్టించి మొన్న చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. జీవమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. కుడి మోకాలు వంగదు, చూపు మసక.

"నువ్వే పది దినాలుండు అజయూ. ఆ యెంక మేమొచ్చేది చూస్తాం" అంది.
"ఓ, ఉంటానవ్వా!"
"ఊరికే గాదు. నా మాదిరి ఉండల్ల."

ఈ పొద్దున తానే వచ్చి నా కుడి మోకాలు వంగకుండా తువ్వాలు బిగించింది. కళ్ళద్దాలకు కొబ్బరినూనె పూసింది.

నియమాలు:
1. తువ్వాలు విప్పకూడదు.
2. అద్దాలు తుడవకూడదు.
3. ఫ్యాను లేదు (గాలి దానంతట అదే వస్తుంది. డిజైనే అలాంటిది!).
4. నంద్యాల బస్సు వైపు చూడకూడదు.

ఈస్టరు నాటికి ఎనిమిది మందీ సరేననాలి. లేకపోతే ఆ స్థలం రూతమ్మగారి తమ్ముడి ఫంక్షన్ హాలుకు పోతుంది. పోనివ్వను. పది రోజులు ఎంతసేపు!

ఏప్రిల్ 8, మంగళవారం. ఉదయం 6:15
అద్భుతం. పక్క వీధిలో విగ్రహాలు చెక్కే శిల్పుల ఉలి చప్పుడుతో మెలకువ వచ్చింది. కిటికీలోంచి నీలాకాశం.

గడపకు రెండుసార్లు కాలు తన్నుకున్నాను. వాననీళ్ళు లోపలికి రాకుండా నాలుగంగుళాలు ఎత్తు పెట్టించింది నేనే. మంచి ఆలోచనే. కాలికి అలవాటు కావాలంతే.

సాయంత్రం 5:00. జీవమ్మ వచ్చి మంచం మీద కూర్చుని కిటికీ వైపు చూసింది.
"ఏందప్పా ఇది, మోడమే కనపడతాంది?"
"ఆకాశం, మబ్బులు కనిపిస్తే ప్రశాంతంగా ఉంటుందని కిటికీ ఎత్తులో పెట్టానవ్వా."
"మోడం యాడైనా కనపడతాది. రోడ్డు మీద ఎవురు పోతాండారో చూడల్ల నాకు."
రాసుకున్నాను. (ఒప్పుకోలేదు. రాసుకున్నానంతే.)

ఏప్రిల్ 10, గురువారం. మధ్యాహ్నం 2:30
నలభై రెండు డిగ్రీలట. గాలి దానంతట అది రావడం లేదు.

ఎనిమిది మందిలో ఒకరైన రిటైర్డు టీచరు సంజీవయ్య సార్ తెల్లారి నాలుగున్నరకే టీ పెట్టుకుంటానని వంటగదికి వచ్చారు. గిన్నెల మోతకు లేచి కూర్చున్నాను. "ఒకటే వంటగది అంటివి కదప్పా, మరి ఈ వేళప్పుడు నా టీ ఎవరు పెడతారు?" అన్నారు. అదీ రాసుకున్నాను.

తువ్వాలు కాస్త వదులు చేశాను. రక్తప్రసరణ కోసం. డాక్టర్లు కూడా అదే చెబుతారు.

ఏప్రిల్ 11, శుక్రవారం. ఉదయం 11:00
చిన్న టేబుల్ ఫ్యాను తెచ్చాను. వాడటానికి కాదు! ఫ్యాను ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా చూడటానికి. పరిశోధన.
11:05. తేడా ఉంది.
సాయంత్రం 4:00. తేడా ఇంకా చూస్తున్నాను.

ఏప్రిల్ 12, శనివారం. మధ్యాహ్నం 1:00
కొలతల టేపు నంద్యాలలో మరిచిపోయాను. వెళ్ళక తప్పదు.
3:00. ఇల్లు. ఏసీ పద్దెనిమిదిలో పెట్టాను. కరుణ తలుపు దగ్గర నిలబడి అడిగింది: "టేపు మీ సంచిలోనే ఉందే?"
నిద్రపోతున్నట్టు పడుకున్నాను. తర్వాత నిజంగానే నిద్రపోయాను.

ఏప్రిల్ 13, ఆదివారం. ఉదయం 10:30
మట్టల ఆదివారం. మొదటి బస్సుకే వచ్చి, రెండు కాళ్ళతో హాయిగా పరుగెత్తి చర్చిలోకి దూరాను. చేతిలో ఈతమట్టతో గుమ్మంలోనే జీవమ్మ!
"మోకాలు బాగయిందా నాయనా?"
వెంటనే కుంటడం మొదలుపెట్టాను.
"మేం రాములే. ఆ ఇంట్లో కట్టినోడే ఉండలేకపాయె" అంది. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. వెనక నిలబడ్డ ఏడుగురూ ఆమె వెంట లోపలికి నడిచారు.

ఏప్రిల్ 14, సోమవారం. ఉదయం 6:00
ఈసారి నిజంగా. తువ్వాలు నేనే బిగించుకున్నాను. అద్దాలకు నూనె కూడా.

సాయంత్రం 6:30. ఉదయం 8 గంటలకు స్నానానికి వెళ్ళాను. జారి, లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డంగా పడ్డాను. తువ్వాలు ముడి తడిసి బిగుసుకుపోయింది. కాలు తిమ్మిరెక్కింది. గొళ్ళెం నెత్తిమీద ఎక్కడో ఉంది. ఫోను మంచం మీద ఉంది. అరిచాను. మందంగా కట్టించిన గోడలు, నా గొంతు నాకే తిరిగొచ్చింది. ముప్పై ఆరేళ్ళవాణ్ణి. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఇది ఎవరికీ చెప్పను.

గంట గడిచాక రెండో టీకి వచ్చిన సంజీవయ్య సార్ విన్నారు. మేస్త్రీ బాలస్వామి గడ్డపారతో తలుపు పలక పెరికాడు.

జీవమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ముడి విప్పింది.
"మా అక్క గురవమ్మ ఇట్లనే పడింది. గొళ్ళెం మీదుండె. మధ్యాన్నం దాకా అరిసింది. ఎవురికీ ఇనపడలే."
"తర్వాత?"
"ఆ యెంక నడవలే."
"ముందే చెప్పి ఉండొచ్చు కదవ్వా?"
"చెప్తే రాసుకుంటావు" అంది.

ఏప్రిల్ 20, ఆదివారం. మధ్యాహ్నం 12:30
ఈస్టరు. ఆరాధన అయ్యాక రూతమ్మగారు ఎనిమిది మందినీ అడిగారు, సరేనా అని. నేనే ముందు లేచి నిలబడ్డాను.
"ఇల్లు బాగాలేదమ్మా. నేను అందులో పది రోజులు కూడా ఉండలేకపోయాను" అన్నాను.

సంజీవయ్య సార్ దగ్గారు. అప్పుడు జీవమ్మ లేచింది.
"స్థలం ఎవురికీ ఇయ్యద్దు రూతమ్మా. ఇంగో పది దినాలు ఆగు. ఈసారి నేనుంటా. ఈయప్ప వరండాలో ఉంటాడు. నేను చెప్పేది ఇంటాడు."
నన్నెవరూ అడగలేదు. తలూపాను.

ఏప్రిల్ 21, సోమవారం. ఉదయం 6:10
మొదటి రోజు!
బాలస్వామి గడప తీసేశాడు. గొళ్ళెం కిందికి దిగింది. బాత్రూము తలుపు బయటికి తెరుచుకుంటోంది. జీవమ్మ లోపల, నేను వరండాలో.
నియమం ఒక్కటే: అడ్డు రాకుండా వినాలి.

6:25. "కోళ్ళు యాడ పండుకోవల్లప్పా?" అని లోపలి నుంచి అడిగింది.
"ప్లానులో కోళ్ళు లేవవ్వా."
"నాతో ఉండాయి."
"అది కాదవ్వా, పరిశుభ్రత అనేది..."

6:40. అడ్డొచ్చాను. మళ్ళీ మొదటి రోజు. కోళ్ళెన్ని అని అడిగాను. ఆరు, ఒక పుంజు.